కంప్యూటర్ వేగంలో చిప్ వాటా ఎంత, కంపైలర్ వాటా ఎంత?

విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఐదేళ్లలో సుమారు 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్ అన్నారు. దాంతో జీపీయూ, టీపీయూ (ఏఐ లెక్కలకు వాడే చిప్‌లు), కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు), నానోమీటర్లు అనే మాటలు నగరంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాటి ఇళ్లలోకి వచ్చాయి. ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో ల్యాప్‌టాప్ కొనేవాళ్ల ప్రశ్న మాత్రం పాతదే: ఐ5 సరిపోతుందా, ఐ7 తీసుకోవాలా, ఎన్ని గిగాహెర్ట్జ్?

అడగాల్సిన ప్రశ్నే, కానీ దానితో సగమే తెలుస్తుంది. ఒకే చిప్ మీద ఒకే లెక్క ఒకసారి ఏడు గంటలు పట్టి, ఇంకోసారి అర సెకను కూడా పట్టకపోవచ్చు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే చిప్‌తో పాటు కంపైలర్ సంగతి కూడా చూడాలి.

క్లుప్తంగా

ప్రోగ్రామర్ రాసిన కోడ్‌ను ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా, అంటే ఇన్‌స్ట్రక్షన్లుగా మార్చేది కంపైలర్. ప్రోగ్రామ్ నడవకముందే తెలిసే సంగతులను బట్టి అది నిర్ణయాలు తీసుకుంటుంది. నడుస్తున్నప్పుడు మాత్రమే తెలిసేవాటిని ప్రాసెసర్ చూసుకుంటుంది. ఈ పంపకం కుదిరితే పాత చిప్ కూడా బాగా పనిచేస్తుంది. కుదరకపోతే ఎంత ఖర్చుపెట్టి తయారుచేసిన చిప్ అయినా చతికిలబడుతుంది. ఇంటెల్ చిప్ ఇటానియం కథ అలాంటిదే.

గిగాహెర్ట్జ్ ఎందుకు ఆగింది

1990లలో రెండేళ్లు ఆగి కొత్త కంప్యూటర్ కొంటే చాలు, పాత ప్రోగ్రామే వేగంగా నడిచేది. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ దానికి కావాల్సిన వోల్టేజి తగ్గేది, అందువల్ల వేడి పెరగకుండానే క్లాక్ వేగం (సెకనుకు చిప్ ఎన్ని అడుగులు వేస్తుందో, గిగాహెర్ట్జ్‌లో కొలిచేది) పెంచగలిగేవారు. ఈ సూత్రాన్ని 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెన్నార్డ్ బృందం వివరించింది. 2005 ప్రాంతానికి అది పనిచేయడం మానేసింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై కరెంటు లీకవడం మొదలైంది, వోల్టేజి ఇక తగ్గించలేని స్థితి వచ్చింది. ఇంటెల్ 2004లో పెంటియం 4ను 3.8 గిగాహెర్ట్జ్ వరకు తెచ్చి, 4 గిగాహెర్ట్జ్ మోడల్‌ను రద్దు చేసుకుంది.

అప్పటినుంచి చిప్ తయారీదారులు వేరే దారులు వెతికారు. ఒకే చిప్‌లో ఎక్కువ కోర్లు పెట్టారు. ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో నాలుగు, ఎనిమిది సంఖ్యలను కలిపి లెక్కించే వెక్టర్ యూనిట్లు పెట్టారు. ప్రాసెసర్ లోపలే చిన్న, వేగవంతమైన జ్ఞాపకాన్ని, అంటే క్యాష్‌ను పెంచారు. వీటన్నిటితో ఒక చిక్కుంది. క్లాక్ వేగం పెరిగితే ఏ ప్రోగ్రామ్ అయినా దానంతటదే లాభపడుతుంది. వెక్టర్ యూనిట్ అలా కాదు. ప్రోగ్రామ్‌లో వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు ఉంటేనే అది కదులుతుంది, లేకపోతే ఖాళీగా పడి ఉంటుంది. ఆ ఇన్‌స్ట్రక్షన్లు పెట్టాల్సింది ప్రోగ్రామరో, కంపైలరో.

ఈ ఖాళీ ఎంత పెద్దదో 2020లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక వ్యాసం చూపించింది. ఎంఐటీకి చెందిన చార్లెస్ లైసర్సన్, ఆయన సహచరులు 18 కోర్ల ఇంటెల్ మెషిన్ మీద 4096 వరసలు, 4096 నిలువుల మాత్రికలు రెండింటిని గుణించారు. మామూలుగా పైథాన్‌లో రాస్తే సుమారు ఏడు గంటలు పట్టింది. అదే పద్ధతిలో జావాలో రాస్తే దాదాపు 40 నిమిషాలు, సీ భాషలో తొమ్మిది నిమిషాలు. పనిని అన్ని కోర్లకూ పంచాక 70 సెకన్లకు దిగింది. డేటా క్యాష్‌లో ఇమిడేలా పనిని ముక్కలు చేస్తే 3.8 సెకన్లు, వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు వాడితే 1.1 సెకన్లు. ఆ ఇన్‌స్ట్రక్షన్లను చేత్తో ఏరి పెడితే 0.41 సెకను. అంటే 60 వేల రెట్లకు పైగా తేడా. ఆ మెషిన్‌లో ఒక్క స్క్రూ కూడా మార్చలేదు.

పదితో భాగహారం

కంపైలర్ నిజంగా ఏం చేస్తుందో ఒక చిన్న లెక్కను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. స్క్రీన్ మీద 87 అని చూపించాలంటే కంప్యూటర్ ఆ సంఖ్యను పదితో భాగించి 8 ఒకవైపు, మిగిలిన 7 ఒకవైపు విడదీయాలి. బస్సు టికెట్ మీది చార్జీ, కరెంటు బిల్లు మీది యూనిట్లు, ఫోన్‌లో గడియారం అన్నిటి వెనకా ఇలాంటి భాగహారమే జరుగుతుంది.

ప్రాసెసర్‌కు భాగహారం బరువైన పని. చిన్నప్పుడు పలకమీద చేసినట్టే అది కూడా అంచెలంచెలుగా చేయాలి. గుణకారం దాదాపు మూడు క్లాక్ సైకిళ్లలో, అంటే చిప్ వేసే మూడు అడుగుల్లో అయిపోయే చోట, పాత ఇంటెల్ చిప్‌లలో భాగహారానికి 20 నుంచి 90 సైకిళ్ల దాకా పట్టేది. అందుకే కోడ్‌లో 'పదితో భాగించు' అని రాసి ఉన్నా మంచి కంపైలర్ భాగహారం ఇన్‌స్ట్రక్షన్ పెట్టదు. సంఖ్యను 3435973837తో గుణించి, వచ్చినదాన్ని బైనరీలో 35 స్థానాలు కుడికి జరపమంటుంది. 87ను అలా గుణిస్తే 298929723819 వస్తుంది. 35 స్థానాలు జరపడమంటే 34359738368తో భాగించి మిగిలినది వదిలేయడం. సరిగ్గా 8 మిగులుతుంది. 32 బిట్లలో పట్టే ధన సంఖ్య ఏదైనా ఈ లెక్క తప్పదు. ఆ పెద్ద సంఖ్య 34359738368లో పదోవంతును పై పూర్ణాంకానికి సవరిస్తే వచ్చేదే.

భాజకం పది అని ముందే తెలుసు కాబట్టే కంపైలర్ ఈ కిటుకు వేయగలిగింది. అదే భాజకం ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఎవరో టైప్ చేసేదైతే కంపైలర్ చేతులు కట్టేసినట్టే. నిజమైన భాగహారం ఇన్‌స్ట్రక్షన్ పెట్టి ప్రాసెసర్‌కు వదిలేయాలి. అలాంటి సందర్భాల కోసమే 2019లో వచ్చిన ఐస్ లేక్ చిప్‌లలో ఇంటెల్ భాగహారం చేసే సర్క్యూట్‌ను బాగా వేగవంతం చేసింది. ఒకవైపు కంపైలర్ భాగహారాన్ని తప్పిస్తుంది, తప్పించలేని చోట చిప్ దాని భారం తగ్గిస్తుంది.

కంటైనర్ టెర్మినల్, ఫిషింగ్ హార్బర్

విశాఖ ఔటర్ హార్బర్ వైపు ఈ రెండు పద్ధతులూ కళ్లముందే కనిపిస్తాయి. కంటైనర్ టెర్మినల్‌కు ఓడ రాకముందే దానిలో ఏ పెట్టె ఎక్కడుందో, ఏది దించాలో, ఏది ఎక్కించాలో జాబితా చేరుతుంది. తర్వాతి రేవులో దిగాల్సినవి అడుగున పడకుండా ముందే ప్లాన్ వేస్తారు. ఓడ వచ్చాక క్రేన్లు ఆ ప్లాన్ ప్రకారం పోతాయి. దగ్గర్లోనే ఉన్న ఫిషింగ్ హార్బర్‌లో అలా కుదరదు. ఏ బోటు ఎప్పుడొస్తుందో, వలలో ఏం పడిందో జెట్టీకి చేరేదాకా తెలియదు. తెల్లవారుజామున సరుకు చూసి అప్పటికప్పుడే వేలం, అప్పటికప్పుడే ఐస్, అప్పటికప్పుడే బండి.

కంపైలర్ పని మొదటి రకం. దానికి ప్రోగ్రామ్ మొత్తం కనిపిస్తుంది, ఆలోచించడానికి నిమిషాల కొద్దీ తీరిక ఉంటుంది. కానీ అసలు డేటా కనిపించదు. ప్రాసెసర్ పని రెండో రకం. దానికి ఆ క్షణంలో చేతిలో ఉన్న డేటా కనిపిస్తుంది, కానీ ముందున్న కొన్ని వందల ఇన్‌స్ట్రక్షన్లకు మించి చూపు పోదు, నిర్ణయానికి సెకనులో వంద కోట్ల వంతు కూడా దొరకదు.

అందుకే ప్రాసెసర్లు ఊహ మీద నడుస్తాయి. 'బ్యాలెన్స్ సరిపోతే ఇటు, లేకపోతే అటు' అన్న చోట జవాబు వచ్చేదాకా ఆగకుండా, గతంలో ఎక్కువసార్లు ఎటు వెళ్లిందో చూసి అటే ముందుకు పోతాయి. ఊహ తప్పితే చేసినదంతా పారేసి వెనక్కి వచ్చి, 15 నుంచి 20 సైకిళ్లు నష్టపోతాయి. ఇలా పారేసిన పని కూడా క్యాష్‌లో జాడలు వదులుతుందని, వాటినుంచి రహస్యాలు లాగొచ్చని 2018 జనవరిలో స్పెక్టర్ పేరుతో బయటపడింది. చిప్‌లో ఉన్న ఆ లోపానికి మొదటి మందుల్లో ఒకటి కంపైలర్ల నుంచే వచ్చింది. ప్రమాదకరమైన జంప్ ఇన్‌స్ట్రక్షన్లను అవి వేరే రూపంలో రాయడం మొదలుపెట్టాయి. దానికి కొంత వేగం బలైంది.

అడ్డంగా చదివితే ఒకటి, నిలువుగా చదివితే ఒకటి

కొత్తగా కోడ్ రాసేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది జ్ఞాపకం సంగతి. ప్రాసెసర్‌కు దగ్గరి క్యాష్‌లో ఉన్న సంఖ్య నాలుగైదు సైకిళ్లలో అందుతుంది. ర్యామ్‌లో ఉన్నదానికి 200 సైకిళ్లకు పైగా పట్టొచ్చు. పైగా ర్యామ్ నుంచి ఒక్క సంఖ్య విడిగా రాదు. ఒక్క అరటిపండు అడిగినా అత్తం మొత్తం చేతిలో పెట్టినట్టు, చాలా చిప్‌లలో 64 బైట్లు ఒక్కసారిగా వస్తాయి. అంటే ఎనిమిది బైట్ల సంఖ్యలు ఎనిమిది.

4096 వరసలు, 4096 నిలువుల పట్టికలో సంఖ్యలన్నీ కూడాలనుకుందాం. సీ భాషలో ఒక వరసలోని సంఖ్యలు పక్కపక్కనే ఉంటాయి. వరస వెంట అడ్డంగా పోతే తెచ్చిన ఎనిమిదీ పనికొస్తాయి. నిలువుగా దిగితే ప్రతి అడుగూ 32 కిలోబైట్ల దూకుడే. ప్రతిసారీ ఎనిమిది తెచ్చి ఒకటి వాడుకుని, మిగతా ఏడింటి వంతు వచ్చేసరికి అవి క్యాష్‌లోంచి వెళ్లిపోతాయి. కూడికలు రెండు దారుల్లోనూ అన్నే, పట్టే సమయం మాత్రం చాలా రెట్లు తేడా.

లోపలి లూప్‌ను (పదేపదే తిరిగే కోడ్‌ను) బయటకి, బయటిదాన్ని లోపలికి మార్చడం కంపైలర్‌కు తెలిసిన విద్యే. అయినా చాలాసార్లు చేయదు. మారిస్తే జవాబు మారదని ముందు అది రుజువు చేసుకోవాలి. దశాంశ సంఖ్యల కూడికలో వరస మారితే చివరి అంకెలు మారొచ్చు, కాబట్టి ప్రోగ్రామర్ అనుమతి లేకుండా ఆ జోలికి పోదు. ఇంకో అడ్డంకి ఉంది. రెండు పేర్లు జ్ఞాపకంలో ఒకే చోటును చూపిస్తున్నాయేమో అన్న అనుమానం. సీ భాషలో అలా చూపించే వీలుంది కాబట్టి కంపైలర్ భయపడుతూ పనిచేస్తుంది. ఫోర్‌ట్రాన్‌లో సబ్‌రొటీన్‌కు ఇచ్చిన రెండు అర్రేలు కలిసిపోయి ఉంటే వాటిలోకి రాయకూడదన్నది భాష నియమం. శాస్త్ర గణనలో ఆ పాత భాష ఇప్పటికీ నిలబడడానికి ఇదో ముఖ్య కారణం. ఇదే హామీ ఇచ్చేందుకు సీ భాషలో 'రిస్ట్రిక్ట్' అనే మాటను 1999 ప్రమాణంలో చేర్చారు. ఈ ఒక్క మాటతో వేగం ఎన్నో రెట్లు పెరిగే సందర్భాలున్నాయి. సిలబస్‌లో దీనికి దక్కే చోటు చాలా తక్కువ.

కంపైలర్‌ను చూసి చిప్ గీయడం

1970ల దాకా చిప్‌లు గీసేవాళ్లు మనిషి చేత్తో రాసే అసెంబ్లీ కోడ్‌ను మనసులో పెట్టుకుని పెద్దపెద్ద ఇన్‌స్ట్రక్షన్లు పెట్టేవారు. 1975లో ఐబీఎంలో జాన్ కాక్ నాయకత్వంలో మొదలైన 801 ప్రాజెక్ట్ దీన్ని తిరగేసింది. కంపైలర్ నిజంగా ఏ ఇన్‌స్ట్రక్షన్లు వాడుతుందో చూసి, అవే ఉంచి, అవే వేగంగా నడిచేలా చేశారు. తర్వాత బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెన్నెసీ ఈ దారిని రిస్క్ (తక్కువ, సరళమైన ఇన్‌స్ట్రక్షన్ల పద్ధతి) పేరుతో ముందుకు తీసుకెళ్లారు, 2017 ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఇవాళ చేతిలో ఉన్న దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోని ఆర్మ్ చిప్ ఆ వంశానిదే.

చిప్‌ను అనువాదం కోసం సర్దిన ఉదాహరణ ఇటీవలిది కూడా ఉంది. 2020లో ఆపిల్ తన మ్యాక్‌లను ఇంటెల్ నుంచి సొంత ఎం1 చిప్‌కు మార్చినప్పుడు పాత ప్రోగ్రామ్‌లను రొసెట్టా 2 అనే అనువాద సాఫ్ట్‌వేర్ నడిపించింది. జ్ఞాపకంలో రాతల క్రమం విషయంలో ఇంటెల్ చిప్‌లు కఠినం, ఆర్మ్ కాస్త వదులు. ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌తోనే పూడ్చబోతే వేగం పడిపోయేది. అందుకని ఇంటెల్ క్రమాన్నే పాటించే ఒక పద్ధతిని ఎం1 చిప్‌లోనే పెట్టారు.

ఇటానియం ఎందుకు ఓడింది

పంపకం తప్పితే ఏమవుతుందో ఇటానియం చెబుతుంది. 1994లో ఇంటెల్, హెచ్‌పీ చేతులు కలిపి దీన్ని తలపెట్టాయి. ఏ ఇన్‌స్ట్రక్షన్లు కలిపి నడపొచ్చో ప్రాసెసర్ వెతుక్కోవడం దండగ, ఆ పని కంపైలర్‌కే అప్పగిద్దాం అన్నది ఆలోచన. కంపైలర్ మూడేసి ఇన్‌స్ట్రక్షన్లను 128 బిట్ల మూటగా కట్టి ఇస్తే చిప్ వాటిని వరసగా నడిపిస్తుంది.

మూటలు నింపడమే కష్టమైంది. మామూలు వ్యాపార ప్రోగ్రామ్‌లలో ప్రతి నాలుగైదు ఇన్‌స్ట్రక్షన్లకూ ఒక మలుపు ఉంటుంది, ప్రతి మలుపూ డేటా మీద ఆధారపడుతుంది. కలపదగ్గవి దొరకనప్పుడు కంపైలర్ మూటలో 'ఏమీ చేయకు' అనే ఇన్‌స్ట్రక్షన్ కుక్కేది. ఏ సంఖ్య క్యాష్‌లో దొరుకుతుందో, దేనికోసం ర్యామ్ దాకా పోవాలో కంపైలర్‌కు ముందే తెలిసే దారి లేదు. చెప్పిన వరసలోనే నడిచే చిప్ ఆ ఒక్క సంఖ్య కోసం ఎదురుచూస్తూ నిలబడిపోయేది. మామూలు చిప్‌లైతే ఆ సందులో తర్వాతి పనులు చక్కబెట్టుకునేవి. ఫిషింగ్ హార్బర్‌లో ఏ బోటు ఎన్నింటికి రావాలో ముందురాత్రే టైమ్‌టేబుల్ వేసినట్టయింది.

మొదటి ఇటానియం 2001లో వచ్చింది. 2003లో ఏఎండీ తన ఆప్టెరాన్‌తో పాత ఇంటెల్ ఇన్‌స్ట్రక్షన్లనే 64 బిట్లకు పెంచింది, మార్కెట్ అటే వెళ్లింది. 2021లో ఇటానియం సరఫరా ఆగిపోయింది, 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7 నుంచి దాని కోడ్ తీసేశారు.

ఆ ఆలోచనే టీపీయూలో నెగ్గింది

విశాఖ డేటా సెంటర్ వార్తల్లో తరచూ వినిపించే టీపీయూ సంగతి ఇక్కడికొస్తుంది. గూగుల్ ఈ చిప్‌ను 2015 నుంచి తన డేటా సెంటర్లలో వాడుతోంది. మొదటి తరంలోనే 256 వరసలు, 256 నిలువులుగా 65,536 గుణకార యూనిట్లు ఉండేవి. మామూలు ప్రాసెసర్‌లో చోటు, కరెంటు మింగే ఊహ యంత్రాంగం, క్యాష్ దానిలో లేవు. అప్పటి సర్వర్ ప్రాసెసర్లు, జీపీయూల కన్నా 15 నుంచి 30 రెట్లు వేగమని 2017లో గూగుల్ ఇంజనీర్లు ప్రచురించారు. రిస్క్ రూపకర్తల్లో ఒకరైన ప్యాటర్సన్ ఆ వ్యాస రచయితల్లో ఉన్నారు.

రెండో తరం నుంచి టీపీయూకు ఇన్‌స్ట్రక్షన్లను మూటలుగా కట్టి ఇచ్చేది ఎక్స్‌ఎల్ఏ అనే కంపైలర్. ఇటానియంలో ఓడిపోయిన పద్ధతికి ఇది దగ్గర చుట్టమే. ఇక్కడ నెగ్గడానికి కారణం పని స్వభావం. న్యూరల్ నెట్‌వర్క్ లెక్కంటే ప్రధానంగా మాత్రికల గుణకారం. ఏ పట్టిక ఎంత పెద్దదో, ఏ సంఖ్య తర్వాత ఏది కావాలో మొదలుపెట్టకముందే తెలుసు, మలుపులు దాదాపు ఉండవు. ఇది కంటైనర్ ఓడ లాంటి పని. ఏ సంఖ్య ఎప్పుడు ర్యామ్ నుంచి బయలుదేరాలో కూడా కంపైలర్ ప్లాన్ వేయగలదు.

మన చిప్‌లకు కంపైలర్ ఎవరు రాస్తారు?

దేశంలో చిప్ తయారీ గురించిన చర్చల్లో ఎక్కువగా జారిపోయే ప్రశ్న ఇది. 2025 మార్చిలో చండీగఢ్ సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో తయారైన రెండు 32 బిట్ చిప్‌లు ఇస్రోకు అందాయి. రాకెట్ల కోసం చేసిన విక్రమ్ 3201కు సొంత ఇన్‌స్ట్రక్షన్ సెట్, అంటే చిప్‌కు అర్థమయ్యే ఇన్‌స్ట్రక్షన్ల జాబితా ఉంది. అందువల్ల అడా భాష కంపైలర్, అసెంబ్లర్, లింకర్, సిమ్యులేటర్ అన్నీ ఇస్రో స్వయంగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. రెండోది కల్పన 3201. అది స్పార్క్ అనే బహిరంగ ప్రమాణం మీద నడుస్తుంది కాబట్టి ఓపెన్ సోర్స్ ఉపకరణాలు దానికి పనికొస్తాయి. సొంత సెట్‌తో చిప్ పూర్తిగా మన చేతిలో ఉంటుంది, కానీ ప్రతి ఉపకరణమూ మనమే రాసి, మనమే పరీక్షించుకోవాలి.

ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు, సీ-డాక్ వేగ ప్రాసెసర్లు మధ్యే మార్గం పట్టాయి. బర్కిలీలో 2010లో మొదలైన రిస్క్-ఫైవ్ అనే బహిరంగ ఇన్‌స్ట్రక్షన్ సెట్ వాడతాయి. ఆ సెట్‌కు జీసీసీ, ఎల్ఎల్‌వీఎం కంపైలర్లు సిద్ధంగా ఉన్నాయి. అవి అందరి కోసం రాసినవి. ఒక ప్రత్యేక చిప్‌లో ఏ ఇన్‌స్ట్రక్షన్‌కు ఎన్ని సైకిళ్లు పడతాయో కంపైలర్‌కు వివరంగా చెప్పే పని ఆ చిప్ చేసినవాళ్లదే. ఆ పని తెలిసిన మనుషులు తయారుకాకపోతే చిప్ చేతిలో ఉన్నా దాని వేగం చేతికి రాదు. విశాఖ చుట్టుపక్కల కాలేజీల్లో కంపైలర్ డిజైన్‌ను పాస్ మార్కుల టెన్షన్‌తో దాటేసే సబ్జెక్టుగా కాక పనికొచ్చే విద్యగా నేర్పాల్సిన అవసరం ఇక్కడే ఉంది.

షాపులో ల్యాప్‌టాప్, డేటా సెంటర్‌లో సర్వర్

మళ్లీ ద్వారకానగర్ షాపుకు వస్తే, కొత్త ల్యాప్‌టాప్‌లోని శక్తి కొంత వాడకానికి రాకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు కొనేవారి చిప్ ఏదో తెలియదు. పాత మెషిన్లలోనూ నడవాలి కాబట్టి పాత ఇన్‌స్ట్రక్షన్లకే పరిమితమై కంపైల్ చేస్తారు. ఏవీఎక్స్ 2 అనే వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు ఇంటెల్ చిప్‌లలోకి 2013లో వచ్చాయి. అవి తప్పనిసరి అనే స్థాయికి రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ చేరింది 2025లో, 10వ వెర్షన్‌తో. మధ్యలో పన్నెండేళ్లు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు ఒకే పనికి రెండు మూడు రకాల కోడ్ వెంట పెట్టుకుని, మొదలవగానే చిప్‌ను చూసి సరిపోయేదాన్ని ఎంచుకుంటాయి. అందువల్ల ల్యాప్‌టాప్ కొనేవాళ్లు గిగాహెర్ట్జ్ కన్నా తాము రోజూ వాడే ప్రోగ్రామ్ ఆ చిప్ మీద ఎలా నడుస్తుందో కనుక్కోవడం మేలు.

డేటా సెంటర్ యజమానికి ఈ ఇబ్బంది లేదు. ఏ ర్యాక్‌లో ఏ చిప్ ఉందో అతనికి తెలుసు, సరిగ్గా దానికోసమే కంపైల్ చేయించగలడు, నడిచిన తీరు కొలిచి ఆ కొలతలతో మళ్లీ కంపైల్ చేయించగలడు. దాని ఫలితం వేగంలోనే కాక కరెంటులోనూ కనిపిస్తుంది, ఎందుకంటే అదే పనికి తక్కువ సైకిళ్లంటే తక్కువ కరెంటు, తక్కువ వేడి, చల్లబరచడానికి తక్కువ నీళ్లు. ఒక గిగావాట్ డేటా సెంటర్‌లో నూటికి ఒక వంతు ఆదా చేస్తే 10 మెగావాట్లు మిగులుతాయి.